యంత్రం ఎలా చూస్తుంది? మన బడి పిల్లలకు అది ఎందుకు తెలియాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు నన్ను పిలిచి, "ఏదైనా సైన్సు విషయం చెప్పు, కానీ పదో తరగతి పిల్లలకు కూడా అర్థం కావాలి, ఊళ్లో వ్యవసాయం చేసుకునే మన బ్యాచ్ వాళ్లకు కూడా పనికిరావాలి" అన్నారు. అందుకని ఒక చిన్న వస్తువు జేబులో వేసుకుని వచ్చాను. ఇదిగో, ఈ బోర్డు. అగ్గిపెట్టె కంటే చిన్నది. దీని మీద ఒక కెమెరా ఉంది, దాని వెనుక ఒక కంప్యూటర్ ఉంది, వైఫై కూడా ఉంది. పేరు ఈఎస్‌పీ-32 క్యామ్. ధర కొన్ని వందల రూపాయలు. పిల్లలు చేసే బొమ్మ రోబోకు దీన్ని కన్నుగా పెట్టవచ్చు. ఎర్ర బంతి ఎటు పోతే రోబో అటు పోతుంది. నేల మీద గీసిన గీత వెంట నడుస్తుంది. మన చేతికి ఇంత చవకగా వచ్చిన ఈ కన్ను వెనుక పాతికేళ్ల కథ ఉంది. దానికి మన తెలుగు నేలతో చుట్టరికం కూడా ఉంది.

శ్రీకాళహస్తి దగ్గర కాటూరు అనే ఊరు. అప్పట్లో చిత్తూరు జిల్లా. అక్కడ 1937లో దబ్బాల రాజగోపాల రెడ్డి పుట్టారు. లోకం ఆయన్ను రాజ్ రెడ్డి అంటుంది. వ్యవసాయ కుటుంబం. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1958లో సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఆస్ట్రేలియా వెళ్లి, అక్కణ్నుంచి అమెరికాలో స్టాన్‌ఫర్డ్ చేరి 1966లో డాక్టరేట్ తీసుకున్నారు. యంత్రం మాట వినాలి, చూడాలి, చేత్తో పని చేయాలి అన్నదే ఆయన పరిశోధన. 1979లో పిట్స్‌బర్గ్ నగరంలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. దానికి వ్యవస్థాపక డైరెక్టర్ ఆయనే. 1991 దాకా నడిపించారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ రంగంలో అంతకంటే పెద్ద బహుమతి లేదు.

మనకు దగ్గరి సంగతి ఒకటి చెప్తాను. బాసర ట్రిపుల్ ఐటీ మీకందరికీ తెలుసు. 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ అది. పదో తరగతి మార్కులతో, సర్కారు బడిలో చదివిన పల్లెటూరి పిల్లలకు కొంత మొగ్గు ఇచ్చి సీట్లు ఇస్తారు. ఆ ఆలోచన వెనుక నిలబడిన పెద్దల్లో రాజ్ రెడ్డి ఒకరు, ఆ విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ కూడా. మనం పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి పోయే బాసరలోనే ఆ చదువు కూడా ఉంది.

ఇప్పుడు కెమెరా దగ్గరికి వద్దాం. ఆయన నిలబెట్టిన అదే రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో 2001లో సీఎంయూక్యామ్ అనే చిన్న కెమెరా తయారైంది. ఆంథొనీ రోవ్, చార్లెస్ రోజెన్‌బర్గ్, ఇల్లా నూర్‌బక్ష్ అనే ముగ్గురు దాన్ని చేశారు. రోవ్ అప్పటికి ఇంకా విద్యార్థి. అంతకుముందు యంత్రానికి చూపు ఇవ్వాలంటే కెమెరా వేరే, బొమ్మను పట్టే కార్డు వేరే, దాన్ని లెక్కగట్టే పెద్ద కంప్యూటర్ వేరే. ఖర్చు వేల డాలర్లలో ఉండేది. అంత బరువును మోసే రోబో కూడా పెద్దదే కావాలి. వీళ్లు సుమారు వంద డాలర్లకు ఆ పనిలో ఒక చిన్న భాగాన్ని, పిల్లలకు చాలేంత భాగాన్ని, అరచేతిలో పెట్టారు.

దాని లోపల ఉన్న చిప్ పేరు ఎస్‌ఎక్స్-28. దాని జ్ఞాపకశక్తి ఎంతో తెలుసా? 136 బైట్లు. కిలోబైట్లు కూడా కాదు, ఉత్త బైట్లు. ఇప్పుడు నేను చెప్పిన ఈ రెండు మూడు వాక్యాలు కూడా అందులో పట్టవు. కానీ కెమెరా ఒక్కో బొమ్మకు అడ్డం 80, నిలువు 143 చుక్కలు పంపుతుంది. అంటే 11,440 చుక్కలు. సెకనుకు 17 బొమ్మలు. దాదాపు రెండు లక్షల చుక్కలు సెకనులో వచ్చి పడుతుంటే 136 బైట్ల చిప్ ఏం చేస్తుంది? ఒక్క బొమ్మను కూడా దాచుకోలేదు కదా!

ఈ ప్రశ్నకు జవాబు మన బడి ప్రార్థన గంటలో చూపిస్తాను. పిల్లలు వరుసల్లో నిలబడ్డారనుకోండి. పదేసి మంది చొప్పున పది వరుసలు. వాళ్లలో కొందరు ఎర్ర రిబ్బన్లు కట్టుకున్నారు. పీఈటీ సారు చేతిలో కాగితం లేదు, ఫొటో తీసే ఫోను లేదు. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా ఒక్కసారి నడవాలి, ఎర్ర రిబ్బన్ల గుంపు ఎక్కడుందో చెప్పాలి. ఎట్లా?

సారు మనసులో మూడు లెక్కలు పెట్టుకుంటే చాలు. ఎన్ని ఎర్ర రిబ్బన్లు కనపడ్డాయి, వాళ్లు వరుసలో ఎన్నో స్థానంలో ఉన్నారు అన్నదాని మొత్తం, ఎన్నో వరుసలో ఉన్నారు అన్నదాని మొత్తం. ఉదాహరణకు అయిదుగురు కనపడ్డారు. రెండో వరుసలో 3, 4 స్థానాల్లో ఇద్దరు. మూడో వరుసలో 3, 4 స్థానాల్లో ఇద్దరు. అయిదో వరుసలో 6వ స్థానంలో ఒకరు. స్థానాలు కూడితే 3+4+3+4+6, అంటే 20. అయిదుతో భాగిస్తే 4. వరుసలు కూడితే 2+2+3+3+5, అంటే 15. అయిదుతో భాగిస్తే 3. గుంపు నడిమి చోటు మూడో వరుసలో నాలుగో స్థానం. అయిపోయింది. సారుకు ఏ పిల్ల ముఖమూ గుర్తుండక్కరలేదు.

ఇంకో నాలుగు అంకెలు కూడా గుర్తు పెట్టుకుంటే మరీ మంచిది. అన్నిటికంటే ఎడమ, అన్నిటికంటే కుడి, అన్నిటికంటే ముందు, అన్నిటికంటే వెనుక. మన లెక్కలో స్థానాలు 3 నుంచి 6, వరుసలు 2 నుంచి 5. నాలుగు నాలుగుల పదహారు గళ్ల పెట్టె. అందులో రిబ్బన్లు అయిదే. అంటే గుంపు పలుచగా ఉంది. ఆ చివర ఒంటరిగా నిలబడ్డ అమ్మాయిని తీసేస్తే పెట్టెలో నాలుగు గళ్లు, నాలుగు రిబ్బన్లు. గుంపు చిక్కబడింది. సీఎంయూక్యామ్ సరిగ్గా ఇదే చేస్తుంది. చుక్క వచ్చిన వెంటనే దాని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు మనం చెప్పిన హద్దుల్లో ఉన్నాయా అని చూస్తుంది. ఉంటే లెక్కలో కలుపుతుంది, లేకపోతే వదిలేస్తుంది. బొమ్మ అయిపోగానే నడిమి చోటు, పెట్టె నాలుగు అంచులు, చుక్కల లెక్క, ఎంత చిక్కగా ఉంది అన్న నమ్మకం, ఈ ఎనిమిది అంకెలను ఒక తీగ మీద రోబోకు పంపుతుంది. రోబోకు అంతే కావాలి. నడిమి చోటు ఎడమకు ఉంటే ఎడమకు తిరుగు, కుడికి ఉంటే కుడికి తిరుగు, పెట్టె పెద్దదవుతుంటే దగ్గరికి వచ్చావు కాబట్టి ఆగు.

ఈ పని చేయమని కెమెరాకు చెప్పే ఆజ్ఞ పేరు టీసీ. పిల్లలూ నవ్వకండి. మనకు టీసీ అంటే బడి వదిలి పోయేటప్పుడు ఇచ్చే కాగితం. వాళ్లకు ట్రాక్ కలర్, అంటే "ఈ రంగును వెంబడించు" అని.

కూడిక, భాగహారం, పెద్దది చిన్నది పోల్చడం. ఇంతకు మించి లెక్కలు ఇందులో లేవు. సగటు అని మనం ఆరు ఏడు తరగతుల్లో చదివిందే. గణితం టీచర్లకు నా మనవి ఒకటి. సగటు పాఠం చెప్పేటప్పుడు క్రికెట్ స్కోర్లు చెప్తారు కదా, ఈ రిబ్బన్ల ఆట కూడా ఒకసారి ఆడించండి. కెమెరా లేకపోయినా ఫర్వాలేదు. అది ఉట్టి చేతులతో ఆడే ఆట.

మన వైపు రైతులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. రైస్ మిల్లులో సార్టెక్స్ మిషన్ చూసే ఉంటారు. బియ్యం జారుడుబల్ల మీద జారినట్టు ధారగా కిందికి పడుతుంటాయి. పడే దారిలో కెమెరాలు చూస్తుంటాయి. నల్ల గింజ, పసుపు గింజ, మెరిగ రాయి కనపడగానే ఒక సన్నని గాలి పోటు దాన్ని పక్కకు ఊదేస్తుంది. ఆ మిషన్ కూడా బియ్యం మొత్తాన్ని ఫొటో తీసి దాచుకుని తీరిగ్గా ఆలోచించదు. ఒక్కో గీత వస్తుంటేనే తేల్చేస్తుంది. మన ఇంట్లో అమ్మ చాటలో బియ్యం ఏరినట్టే, కాకపోతే రెప్ప వేసే లోపల. సార్టెక్స్ లక్షల ఖరీదు, ఈ బోర్డు వందల ఖరీదు. వేగంలో, కచ్చితత్వంలో పోలికే లేదు. కానీ గింజను చూసి రంగు హద్దులతో పోల్చడం అన్న సూత్రం రెండింటిదీ ఒకటే. మిల్లులో పనిచేసే తండ్రి, బడిలో చదివే బిడ్డ ఒకే విషయం గురించి మాట్లాడుకోవచ్చు.

ఇక ఈ కన్నుకు ఉన్న కష్టం చెప్పాలి. అది లేకుండా చెబితే అబద్ధం చెప్పినట్టే. వెలుతురు మారితే రంగు మారుతుంది. ట్యూబ్‌లైట్ కింద ఎర్రగా కనపడ్డ బంతి, కిటికీ పక్క ఎండలో నారింజ అవుతుంది, బల్ల కింద నీడలో గోధుమ రంగు అవుతుంది. మన కన్నూ మెదడూ కలిసి దాన్ని సర్దుకుంటాయి కాబట్టి మనకు తెలియదు. కెమెరాకు సర్దుకోవడం రాదు, లేదా మరీ ఎక్కువ వస్తుంది. బొమ్మ చీకటిగా ఉందని తనంతట తానే వెలుతురు పెంచుతుంది, బొమ్మలో ఎరుపు ఎక్కువైందని ఎరుపు తగ్గిస్తుంది. అందుకే మొదట తెల్ల కాగితం చూపించి, నాలుగైదు సెకన్లు కుదురుకోనిచ్చి, ఆ తర్వాత ఆ సర్దుబాట్లను ఆపేయాలి. అప్పుడు రంగు హద్దులు నేర్పాలి. ఈ పని ఒక్కరోజు చేసిన పిల్లవాడు, "కెమెరా చూసింది కాబట్టి నిజమే" అని జన్మలో అనడు. నా దృష్టిలో అదే పెద్ద చదువు.

సీఎంయూక్యామ్ తర్వాత దాని తమ్ముళ్లు వచ్చాయి. రెండోది బొమ్మను కాసేపు దాచుకోగలిగింది. 2007 నాటి మూడోది పిల్లలే సీ భాషలో తమ ప్రోగ్రామ్ రాసుకునేట్టు, లోపలి రాతంతా బయటపెట్టి ఇచ్చారు. అయిదోది పిక్సీ. 2013లో జనం దగ్గర ముందుగా డబ్బు పోగుచేసి చేశారు. బటన్ నొక్కి బంతిని ఎదురుగా పెడితే అదే రంగు నేర్చుకుంటుంది, సెకనుకు 50 బొమ్మలు చూస్తుంది. నాలుగో కెమెరా మీద పనిచేసిన క్వబెనా అగ్యెమన్ తర్వాత ఓపెన్ఎంవీ అనే కెమెరాలో భాగస్వామి అయ్యాడు. దానికి ప్రోగ్రామ్ పైథాన్ భాషలో రాయవచ్చు. ఇప్పుడు ముఖాలు గుర్తుపట్టే హస్కీలెన్స్ లాంటివీ వచ్చాయి. ఇవన్నీ మంచివే, కానీ ఒక్కోటి కొన్ని వేల రూపాయలు.

నేను తెచ్చిన ఈ బోర్డు అన్నిటికంటే చవక. దీనిలో 520 కిలోబైట్ల జ్ఞాపకం ఉంది. అడ్డం 160, నిలువు 120 చుక్కల రంగు బొమ్మకు 38,400 బైట్లు చాలు. ఆనాటి 136 బైట్లతో పోలిస్తే ఇది పెద్ద గాదె. బొమ్మ మొత్తం దాచుకుని, మనం నేర్చుకున్న రిబ్బన్ల లెక్కను పిల్లలే రాసి చూడవచ్చు. సైన్సు టీచర్లకు రెండు జాగ్రత్తలు చెప్తాను. చాలా బోర్డులకు నేరుగా యూఎస్‌బీ ఉండదు, ప్రోగ్రామ్ ఎక్కించడానికి కింద పెట్టే చిన్న బోర్డు కూడా కలిపి కొనండి. రెండోది, కరెంటు బలంగా ఇవ్వండి. నాసిరకం తీగతో 5 వోల్టులు ఇస్తే వైఫై మొదలయ్యే సమయంలో వోల్టేజ్ పడిపోయి బోర్డు మళ్లీ మళ్లీ మొదటికొస్తుంది. బోర్డు పాడైందని పారేయకండి, ముందు తీగ మార్చండి.

ఇక్కడ కూర్చున్న రైతుల మనసులో ప్రశ్న నాకు తెలుసు. "మక్క చేన్లో అడవి పందులు పడుతున్నయి, ఇంటి మీద కోతులు పడుతున్నయి, దీనితోటి ఆపొచ్చా?" నిజాయితీగా చెప్తాను. రంగును చూసే కెమెరా చీకట్లో గుడ్డిది. పంది వచ్చేది రాత్రి. కంటికి కనపడని ఎర్ర వెలుగు వేసి, దాన్ని చూడగలిగే కెమెరా పెట్టాలి. అప్పుడు రంగును కాకుండా కదలికను చూడాలి. బొమ్మను 8 అడ్డం, 8 నిలువు గళ్లుగా విడగొట్టి, 64 గళ్ల సగటు వెలుతురు గుర్తు పెట్టుకుని, తర్వాతి బొమ్మతో పోల్చాలి. తేడా వచ్చిన గడి దగ్గర ఏదో కదిలింది. సీఎంయూక్యామ్ రెండో మోడల్‌లోనే ఈ పద్ధతి ఉంది. కానీ గాలికి మక్క ఆకు ఊగినా తేడా వస్తుంది, కుక్క పోయినా వస్తుంది. వానకు తడవకుండా డబ్బా కావాలి, బాయికాడ బ్యాటరీ కావాలి. కాబట్టి రేపే పందులు ఆగుతాయని నేను చెప్పను. మన పిల్లలు రెండేళ్లు కష్టపడి చేయదగ్గ మంచి సమస్య అని మాత్రం చెప్తాను. పట్నం పిల్లలకు ఈ సమస్య తెలియదు, మనవాళ్లకు తెలుసు. కేంద్ర ప్రభుత్వం ఇన్‌స్పైర్ మానక్ పథకం కింద ఎంపికైన విద్యార్థి ఆలోచనకు 10,000 రూపాయలు ఇస్తుంది. ఇలాంటి ఆలోచన అందులో పంపవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఇదంతా ఎందుకు చెప్తున్నాను? రోబోలు చేసి బహుమతులు తేవడానికే అయితే ఇంతసేపు మీ సమయం తీసుకోను. కెమెరాలు మన పిల్లలను చూడటం మొదలై చాలా రోజులైంది. మన రాష్ట్రంలో సర్కారు బడుల హాజరుకు ముఖం గుర్తుపట్టే యాప్ వచ్చింది. మన ఊళ్ల నుంచి గల్ఫ్ పోయిన అన్నదమ్ములు దుబాయి ఎయిర్‌పోర్టులో ముఖం చూసి తెరుచుకునే గేటు దాటి పోతున్నారు. రేపు ఉద్యోగానికి, బ్యాంకుకు, పింఛనుకు ఎక్కడికి పోయినా ఒక కెమెరా ముందు నిలబడాలి. అది "నువ్వు కాదు" అంటే మన పిల్లవాడు ఏం చేస్తాడు? తలవంచుకుని వెనక్కి వస్తాడా, లేక "వెలుతురు వెనుక నుంచి పడుతోంది సారూ, ఇటు తిరిగి మళ్లీ చూద్దాం" అంటాడా? మొదటివాడికీ రెండోవాడికీ మధ్య తేడా డబ్బు కాదు, ఇంగ్లీషు కాదు. యంత్రం చుక్కలు లెక్కపెడుతుందని, ఆ లెక్కకు మనిషి హద్దులు పెట్టాడని, ఆ హద్దులు తప్పు కావచ్చని తన చేతులతో ఒకసారి చేసి చూడటం. బీడీలు చేసే ఇంటి ఆడపిల్లకు కూడా ఆ ధైర్యం రావాలి. అది ఎనిమిదో తరగతిలోనే రావాలి.

అందుకని సంఘానికి ఒక ప్రతిపాదన. స్వర్ణోత్సవం గుర్తుగా ఆర్చి కడదాం, రంగులు వేద్దాం, వద్దని అనను. వాటితోపాటు ఒక బల్ల పెడదాం. ఆరు సెట్లు. ఒక్కో సెట్టులో ఈ కెమెరా బోర్డు, ప్రోగ్రామ్ ఎక్కించే బోర్డు, రెండు మోటార్ల చిన్న బండి, మోటార్ డ్రైవర్, బ్యాటరీ. ఇప్పటి ధరల్లో ఒక సెట్టు రెండు వేల లోపు వస్తుందని నా అంచనా. ఆరు సెట్లు పన్నెండు వేలు. పాత ల్యాప్‌టాప్‌లు మనలో చాలామంది ఇళ్లలో అటక మీద ఉన్నాయి, రెండు దింపుదాం. అటల్ టింకరింగ్ ల్యాబ్ లాంటి పెద్ద పథకం కింద 20 లక్షల దాకా గ్రాంటు ఉంటుంది. దానికి దరఖాస్తు పెట్టేటప్పుడు పెడదాం, కానీ దానికోసం ఆగవద్దు.

ఈ బల్లకు నాలుగు షరతులు. ఒకటి, సామాను బీరువాలో పెట్టి తాళం వేయకూడదు. విరుగుతాయి, కాలతాయి, వాటి కోసం ఏటా కొంత విడిభాగాల డబ్బు సంఘం పక్కన పెట్టాలి. టీచర్ల జేబు మీద ఆ భారం పడకూడదు. రెండు, ప్రతి సెట్టు దగ్గర ఇద్దరు కూర్చుంటే అందులో ఒకరు ఆడపిల్ల ఉండాలి, కీబోర్డు వంతులవారీగా మారాలి. మూడు, ఈ కెమెరాలతో మనుషుల ముఖాలు తీయకూడదు. బంతులు, గింజలు, ఆకులు, నేల మీది గీతలు చాలు. నాలుగు, ఇది అన్నిటికంటే కష్టమైనది, మనలో సాంకేతిక పని తెలిసినవాళ్లు నెలకు రెండు శనివారాలు వంతులు వేసుకుని పిల్లలతో కూర్చోవాలి. ఊళ్లో ఉన్నవాళ్లు నేరుగా, దూరం ఉన్నవాళ్లు ఫోన్ వీడియోలో. ఇంజనీర్లే కానక్కర లేదు. మోటార్ వైండింగ్ చేసే మన బ్యాచ్ మిత్రుడికి, మిల్లు ఎలక్ట్రీషియన్‌కు, సెల్‌ఫోన్ రిపేరు షాపు తమ్ముడికి తీగ అతకడం నాకంటే బాగా వస్తుంది. నా వంతు కింద మొదటి ఆరు నెలల శనివారాలు రాసుకోండి.

డబ్బు ఇవ్వడం సులువు, శనివారం ఇవ్వడం కష్టం. అందుకే ఈ సభ అయ్యాక గేటు దగ్గర ఒక నోటు పుస్తకం పెడుతున్నాం. అందులో చందా రాసే గడి లేదు. పేరు, ఫోను నంబరు, ఏ నెల వస్తారు అన్న మూడు గళ్లే ఉన్నాయి.

పిల్లలూ, ఈ బోర్డు ఇప్పుడు మీ చేతికి ఇస్తున్నాను. వరుసల్లో తిప్పుకుంటూ అందరూ చూడండి. వెనుక వరుస దాకా పోవాలి. నాకు తిరిగి ఇవ్వనక్కర లేదు, మీ సైన్సు టీచరుకు ఇవ్వండి.